మరి పక్కింటివాళ్ల మాటేమిటి?

2020 డిసెంబరు 5వ తేదీని ఏలూరు వన్‌టౌన్ వాసులు అంత తొందరగా మరచిపోరు. నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కూలిపోయాడు. నోటి వెంట నురగ, ఫిట్స్, కాసేపు మతి లేకపోవడం. పిల్లలు, వృద్ధులు, కూలికి వెళ్లేవాళ్లు, ఇల్లు దాటని ఆడవాళ్లు అన్న తేడా లేకపోయింది. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాతి పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. కరోనాతో అప్పటికే చితికిపోయిన జనానికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

ఆ తర్వాతి ఆదివారాల్లో మన ఆరాధనల్లో సాక్ష్యాలకు కొదువ లేకపోయింది. "మా వీధిలో ఇంటికొకరు పడిపోయారు, మా గడపను మాత్రం ప్రభువు ముట్టనివ్వలేదు" అని ఒకరు చెబితే సంఘమంతా స్తోత్రం అన్నది. చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. కృతజ్ఞత చెప్పడం తప్పూ కాదు. కానీ ఆ స్తోత్రం వినిపించిన చోటే, వెనక వరుసల్లో, ముట్టబడిన గడపలవాళ్లు కూడా కూర్చుని ఉన్నారు. వాళ్లు ఏమన్నారో ఎవరూ అడగలేదు.

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుకునే ఒక అబ్బాయి, సండేస్కూల్లో బంగారు వాక్యాలన్నీ కంఠతా చెప్పినవాడు, కొంతకాలంగా ఆరాధనకు రావడం మానేశాడు. వాళ్ల బంధువులు ఏలూరు వన్‌టౌన్‌లో ఉంటారు. సెల్‌ఫోన్లో నాస్తికుల వీడియోలు చూసి చెడిపోయాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. పిలిచి అడిగితే అతను ఏ నాస్తికుడి పేరూ ఎత్తలేదు. "అయ్యగారూ, పిన్నివాళ్ల ఇంటిని దేవుడు కాపాడాడని అమ్మ గుళ్లో సాక్ష్యం చెప్పింది. మరి పక్కింటివాళ్ల మాటేమిటండీ? వాళ్లూ ప్రార్థన చేసుకునేవాళ్లే కదా. కాపాడగలిగీ ఊరుకున్నాడంటే మంచివాడు ఎలా అవుతాడు? కాపాడలేకపోయాడంటే దేవుడెలా అవుతాడు?" అన్నాడు.

ఈ ప్రశ్న గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ పేరు మీద 2,300 ఏళ్లుగా తిరుగుతోంది. ఆ పేరు ఈ అబ్బాయి విని కూడా ఉండడు. అతనికి ఈ ప్రశ్న వచ్చింది మన గుళ్లో, మన సాక్ష్యాల సమయంలో, సొంత తల్లి నోటి వెంట. నాస్తికులు మన పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాపోయే తల్లిదండ్రులు, కాపరులు మొదట గమనించవలసింది ఇదే. ప్రశ్నను బయటివాళ్లు పంపలేదు. దేవుడు తన వాళ్లను ఆపద ముట్టకుండా పక్కకు తీసేస్తాడు, అదే ఆయన ప్రేమకు రుజువు అని మనం నేర్పాం. ఆ రుజువు తప్పిన రోజున పిల్లలు దేవుణ్నే వదిలేస్తున్నారు. వాళ్లు వదిలింది బైబిలు దేవుణ్నేనా, లేక మనం కల్పించి చూపిన మరొకణ్నా అన్నదే అసలు సంగతి.

మన నేలకు ఈ వాదన కొత్త కాదు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావుగారు, ఆయన భార్య సరస్వతిగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గోరాగారు వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్నా మాట మార్చుకోలేదు. గాంధీగారితో దేవుణ్ని గురించి వాదించి, ఆ సంభాషణలను 1951లో పుస్తకంగా వేశారు. తన పెద్ద కూతురికి దళిత యువకుడితో వివాహం నిశ్చయిస్తే, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగిపోయాక, 1948లో, అక్కడే ఆ పెళ్లి జరిగింది. ఒకే పాత్రలో ప్రభువు రాత్రి భోజనం తీసుకుంటూ కులం దాటి పిల్లనివ్వని మన సంఘాలు ఈ సంగతి ఒక్కసారి ఆగి చదవాలి.

గోరాగారి అభియోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, దేవుడున్నాడనే భావం మనిషిని బానిసను చేస్తుంది. కష్టం దేవుడు పెట్టాడనుకున్నవాడు ఆ కష్టాన్ని మార్చడానికి చెయ్యి ఎత్తడు. ఇది మన మీద వేసిన నింద అని కోపగించుకునే ముందు, మన శవయాత్రల్లో మనం మాట్లాడే మాటలు గుర్తుచేసుకుంటే మంచిది.

1977 నవంబరు 19 శనివారం. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమందిని ఒక్క పూటలో మింగింది. తెల్లవారితే ఆదివారం. నాకప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. మా పెద్దలు మాత్రం ఆ నెలంతా వేరే మాట మాట్లాడలేదు. సహాయానికి వెళ్లినవారిలో క్రైస్తవ సంస్థలున్నాయి, రామకృష్ణ మిషన్ ఉంది, విజయవాడ నాస్తిక కేంద్రంవారూ ఉన్నారు. తర్వాతి సంవత్సరాల్లో గోరాగారి కోడలు, మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు స్టూవర్టుపురంలో, ఒకప్పుడు సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన ఆ సెటిల్‌మెంటులో, దొంగలని ముద్ర వేయబడిన కుటుంబాల మధ్య పనిచేశారు. దేవుడు లేడన్నవాడికి నీతి ఉండదని వేదికల మీద తేలిగ్గా అనేవాళ్లకు ఈ చరిత్ర తెలియదనుకోవాలి. తెలిసీ అంటే అది అబద్ధసాక్ష్యం. తొమ్మిదో ఆజ్ఞ నాస్తికుల విషయంలో రద్దు కాలేదు.

సరే, నాస్తికుడి ప్రశ్నకు మనం సాధారణంగా ఇచ్చే జవాబులేమిటి? పాపఫలితం అంటాం. పరీక్ష అంటాం. విశ్వాసం చాలలేదంటాం. మొదటి రెండింటికీ వాక్యంలో కొంత చోటుంది. పాపానికి జీతం ఉంది, విశ్వాసానికి పరీక్షా ఉంది. అయితే ఫలానా మనిషికి వచ్చిన ఫలానా రోగం ఫలానా పాపానికే వచ్చిందని లెక్క తేల్చే అధికారం మనకు ఎవరిచ్చారు? యోబు స్నేహితులు చేసింది ఆ పనే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ దేవుని పక్షాన మాట్లాడుతున్నామనుకున్నారు. వాళ్ల వాదన కొల్లేటి చాంతాడంత సాగింది. చివరకు దేవుడు కోపపడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తనను సమర్థించబోయిన ఈ ముగ్గురి మీద (యోబు 42:7). వేదాంత కళాశాలలో ఈ వచనం మీద పరీక్ష రాసి, బయటికొచ్చి జోఫరు ప్రసంగాలే చెప్పే సేవకులు మనలో తక్కువేమీ లేరు.

ఇక మూడో జవాబు, విశ్వాసం చాలలేదన్నది, నా ఉద్దేశంలో జవాబే కాదు, క్రూరత్వం. కొల్లేటి లంకల్లో ఒక ఊరి తల్లి పదేళ్ల కొడుకును స్వస్థత కూటానికి మోసుకువెళ్లింది. అబ్బాయికి రక్తసంబంధమైన జబ్బు. చేతులుంచి ప్రార్థించారు, స్వస్థత కలిగిందని మైకులో ప్రకటించారు. ఆరు వారాలకు పిల్లవాడు పోయాడు. మళ్లీ వెళ్లి అడిగితే "నువ్వు సందేహించావు తల్లీ" అన్నారట. కొడుకు పోయిన దుఃఖం చాలదన్నట్టు కొడుకును తానే చంపుకున్నానన్న భారం కూడా ఆమె నెత్తిన పెట్టి పంపారు. అలాంటి దేవుడు లేడని నాస్తికుడు అంటే, ఆ ఒక్క మాటలో నేను అతనితోనే ఉంటాను.

యేసు ప్రభువు దగ్గరకు ఇటువంటి ప్రశ్న రెండుసార్లైనా వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులే అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు (యోహాను 9:1-3). మరోసారి, పిలాతు గలిలయులను బలుల దగ్గరే చంపించిన వార్త తెచ్చారు. ఆయన దానికి సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిన సంగతి తానే జోడించాడు (లూకా 13:1-5). ఒకటి మనిషి చేసిన హత్య. ఇంకొకటి గోడ కూలిన ప్రమాదం. రెండు రకాల కీడునూ పక్కపక్కన పెట్టి, చచ్చినవాళ్లు మిగిలినవాళ్లకంటే పాపులా అని అడిగి, కాదని తానే చెప్పాడు. వెంటనే మారుమనస్సు పొందమన్నాడు. ఈ చివరి మాటను మనం దండోరా వేస్తాం, దానికి ముందున్న 'కాదు' అనే మాటను మింగేస్తాం. ఇంకొకటి కూడా గమనించండి. మారుమనస్సు పొందమని ఆయన చెప్పింది గోపురం కింద పడ్డవాళ్లకు కాదు, తప్పించుకున్నవాళ్లకు. బతికి బయటపడినవాడు సాక్ష్యం చెప్పే ముందు తన్ను తాను పరిశీలించుకోవాలన్నమాట.

ఈ మాట ఏలూరుకు ఎలా వర్తిస్తుందో చూడండి. సీసమైనా, నికెలైనా, పురుగుమందైనా దేవదూతలు పాత్రల్లో తెచ్చి కుమ్మరించినవి కావు. మట్టిలోకి, నీటిలోకి, తిండిలోకి మనుషులు వదిలితేనే వచ్చాయి. ఎవరు, ఎప్పుడు, ఎంత వదిలారన్నది శాస్త్రజ్ఞులు, ప్రభుత్వం తేల్చవలసిన సంగతి. కానీ దేవుడెందుకు ఇలా చేశాడు అని ప్రార్థనా కూటంలో కన్నీరు కార్చిన సంఘం, మున్సిపాలిటీ దగ్గరకు వెళ్లి మా నీళ్లు పరీక్షించారా అని అడగకపోతే, గోరాగారి అభియోగానికి మనమే సాక్షి సంతకం పెట్టినట్టు.

కొల్లేరు సంగతి ఇంకా స్పష్టం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య దేవుడు పెట్టిన పెద్ద పళ్లెం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలోకి వదులుతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఇంతలో పళ్లెం నిండా చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టించింది. పెట్టుబడి పెట్టినవాళ్లలో చాలామంది మరో దారి చూసుకున్నారు, చెరువుల మీద కూలి చేసుకునే లంకలవాళ్లకు పని పోయింది. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఆ నీళ్లు కిందికి దిగాక మండవల్లి, కైకలూరు మండలాల లంకలకు దారులు తెగిపోయాయి. పడవలు తప్ప గతి లేకపోయింది. నీటికి పోయే చోటు లేకుండా చేసి, నీరు ఇంట్లోకి వచ్చాక ఇదేమి తీర్పు ప్రభువా అని అడగడం చూస్తే పరలోకంలో దూతలు ఏమనుకుంటారో! చేపల మీద లాభం వచ్చినప్పుడు పదోవంతు తెచ్చి ఇచ్చే విశ్వాసులూ మనకున్నారు. ఆ గట్టు ఎక్కడ ఉంది, ఎవరి భూమిలో ఉంది అని అడిగిన కాపరిని నేనింతవరకు చూడలేదు. కానుక పెట్టెకు సర్వే నంబరు ఉండదు కదా.

మనిషికి దేవుడిచ్చిన స్వేచ్ఛ వల్లే కీడు వచ్చిందని మన వేదాంతులు చెప్పే జవాబు ఇక్కడ కొంత పనికొస్తుంది. ప్రేమించగల మనిషిని చేయాలంటే ద్వేషించగల అవకాశం కూడా ఇవ్వక తప్పదు. తాళ్లు కట్టి ఆడించే బొమ్మ ప్రేమించలేదు. నిజమే. కానీ నాస్తికుడు ఊరుకోడు. "గట్టు వేసినవాడు పట్నంలో మేడ మీద సుఖంగా నిద్రపోయాడు, నీళ్లు కూలివాడి గుడిసెలోకి వచ్చాయి. స్వేచ్ఛ ఒకడిది, శిక్ష ఇంకొకడిదా?" అంటాడు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను యెహెజ్కేలు కాలంలో జనం ఈ బాధతోనే వాడారు (యెహెజ్కేలు 18:2). కాబట్టి స్వేచ్ఛ అన్న జవాబు దోషి ఎలా తయారయ్యాడో చెబుతుంది గాని, నిర్దోషి ఎందుకు మునిగాడో చెప్పదు. సగం జవాబును పూర్తి జవాబని అమ్మకూడదు.

పైగా మనిషి చెయ్యి ఏమాత్రం లేని బాధ ఒకటి మిగిలే ఉంది. లంకలో ఆ పదేళ్ల పిల్లవాడి రక్తంలోకి జబ్బు ఏ కాంట్రాక్టరు తెచ్చిపెట్టాడు? 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, జనం చర్చీల్లో ఉండగా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపం నేలమట్టం చేసింది. అంతా మన మేలుకేనని చెప్పే తత్త్వవేత్తలను వోల్టేర్ ఆ తర్వాత కడిగేశాడు. దోస్తోయెవ్‌స్కీ స్వయంగా విశ్వాసి. అయినా 'కరమజోవ్ సోదరులు' నవలలో పసిపిల్లల బాధను గురించిన వాదనను అవిశ్వాసి ఇవాన్ నోట ఎంత బలంగా పెట్టాలో అంత బలంగా పెట్టాడు, ఎక్కడా తేలిక చేయలేదు. మన ప్రసంగాల్లో నాస్తికుడు ఎప్పుడూ తెలివితక్కువవాడే! రెండు నిమిషాల్లో ఓడిపోతాడు. అలా గెలిచిన గెలుపు గుడి మెట్లు దిగేదాకా కూడా నిలవదు.

ఈ మిగిలిన బాధకు క్రైస్తవ్యం దగ్గర కారణం లేదు. ఈ మాట చెప్పడానికి కాపరికి భయమేస్తుంది. అయితే బైబిలుకు భయం లేదు. యోబు గ్రంథంలో దేవుడు సుడిగాలిలో నుండి నాలుగు అధ్యాయాల పొడవునా మాట్లాడాడు. యోబు పిల్లలు ఎందుకు చచ్చారో ఒక్క మాట చెప్పలేదు. పరలోకంలో జరిగిన సంభాషణ మొదటి అధ్యాయాల్లో మనం చదువుకున్నాం గాని, యోబుకు అది చివరిదాకా తెలియదు.

అలాగని నాస్తికుడి వైపు ప్రశ్నలు లేవని కాదు. మర్యాదగానే ఒకటి అడగవచ్చు. కొల్లేట్లో కొంగ చేపను మింగితే అన్యాయమని మనం అరవం. సీసం నరాల్లోకి వెళ్లింది, ఫిట్స్ వచ్చాయి అంటే అది రసాయన శాస్త్రం, అంతే. కానీ ఆ తాడేపల్లిగూడెం అబ్బాయి రసాయన శాస్త్రం అడగలేదు. ఇది అన్యాయం అన్నాడు. ఇలా జరగకూడదు అన్నాడు. ఈ 'కూడదు' ఎక్కడి నుండి వచ్చింది? ఎవరికీ ఏ ఉద్దేశమూ లేని విశ్వంలో జరిగినది జరిగింది అనడమే తప్ప, జరగకూడదు అనే మాటకు కాలు మోపే చోటు ఏది? కలిసి బతకడం కోసం మనిషికి కనికరం అలవడిందని నాస్తికులు చెబుతారు. ఉండవచ్చు. అది మనకు అలా అనిపించడానికి కారణం చెబుతుంది. అలా అనిపించడం సరైనదేనా అన్నదానికి చెప్పదు. అన్యాయమనే ఫిర్యాదులోనే న్యాయాధిపతి ఒకడుండాలన్న ఆశ దాగి ఉందని నాకనిపిస్తుంది. హబక్కూకు ఆ ఫిర్యాదును ఆ న్యాయాధిపతికే రాసి ఇచ్చాడు.

ఈ వాదన నాకు బలమైనదిగానే కనిపిస్తుంది. అయితే దాన్ని వాడవలసింది కాలేజీ చర్చల్లో, శ్మశానం గేటు దగ్గర కాదు. కొడుకును పూడ్చి వస్తున్న తల్లికి నీ ఏడుపే దేవుడున్నాడనడానికి రుజువమ్మా అని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి విశ్వాసం మీద నాకు అనుమానం కలుగుతుంది.

ఇక మన సాక్ష్యాల దగ్గరకు వస్తాను. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరవండి. రెండో వచనంలో హేరోదు యోహాను అన్న యాకోబును కత్తితో చంపించాడు. ఏడో వచనంలో దూత చెరసాలలో పేతురును పక్క తట్టి లేపాడు. ఒకే అధ్యాయం, ఒకే రాజు, ఒకే సంఘం. పేతురు కోసం సంఘం అత్యాసక్తితో ప్రార్థన చేసిందని రాసి ఉంది. మరి యాకోబు కోసం చేసి ఉండరా? ఆ రాత్రి మార్కు తల్లి మరియ ఇంట్లో ప్రార్థన కూటంలో జెబెదయి భార్య, యాకోబు తల్లి, ఉన్నదో లేదో వాక్యం చెప్పలేదు. ఉండి ఉంటే, పేతురు వచ్చాడని రొదే కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చినప్పుడు ఆ తల్లి గుండెలో ఏం జరిగి ఉంటుంది? లూకా కారణం చెప్పలేదు. యాకోబుకు విశ్వాసం తక్కువైందనీ రాయలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయమూ అంతే. విశ్వాసం చేత కత్తి తప్పించుకున్నవాళ్లు 34వ వచనంలో ఉన్నారు, కత్తితో చంపబడినవాళ్లు 37వ వచనంలో ఉన్నారు. విశ్వాసం ఒక్కటే. అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు దేవుడు తప్పించగలడని చెప్పి ఊరుకోలేదు, ఒకవేళ తప్పించకపోయినా మొక్కం అన్నారు (దానియేలు 3:18). మన సాక్ష్యాల్లో ఈ రెండో సగం ఎప్పుడు రాలిపోయిందో తెలియదు.

అన్నిటికంటె నన్ను వణికించేది మత్తయి 27వ అధ్యాయం. సిలువ కింద నిలబడిన ప్రధాన యాజకులు, శాస్త్రులు ఏమని ఎగతాళి చేశారు? ఇతనికి దేవుని మీద నమ్మకం ఉంది కదా, దేవునికి ఇతను ఇష్టుడైతే ఇప్పుడు తప్పించమనండి అన్నారు. అంటే దేవుని ప్రేమకు గుర్తు తప్పించడమే, తప్పించబడనివాడు దేవుని వాడు కాడు. ఆ యాజకులు నాస్తికులు కారు, భక్తిపరులు. మన సాక్ష్యాల వెనక ఉన్న లెక్కా ఇదే అయితే, శుభ శుక్రవారం నాడు మనం ఏ గుంపులో నిలబడి ఉన్నాం? ఆ రోజు తండ్రి కుమారుణ్ని తప్పించలేదు. కుమారుడు ఎందుకు విడిచావని బిగ్గరగా అడిగాడు. ఆ 'ఎందుకు'కు ఆ కొండ మీద జవాబు రాలేదు. నాస్తికుడు అడిగే ప్రశ్నను మన ప్రభువే అడిగాడు, అదీ ప్రార్థనగా అడిగాడు.

1943 జులైలో హాంబర్గ్ నగరం మీద బాంబులు పడినప్పుడు 17 ఏళ్ల యుర్గెన్ మోల్ట్‌మన్ పక్కనే నిలబడి ఉన్న స్నేహితుడు చనిపోయాడు, ఇతను బతికాడు. మతం పెద్దగా తెలియని కుటుంబంలో పెరిగినవాడు. నేనెందుకు మిగిలాను అన్న ప్రశ్నతో యుద్ధఖైదీగా ఉండగా 39వ కీర్తన, మార్కు సువార్తలో సిలువ మీది కేక చదివి, నన్ను అర్థం చేసుకున్నవాడు ఈయనే అనుకున్నాడు. 1972లో 'సిలువ వేయబడిన దేవుడు' అనే గ్రంథం రాశాడు. 2024లో తన 98వ ఏట మరణించాడు. ఆయన వేదాంతంలో నేను ఒప్పుకోనివి ఉన్నాయి. కానీ బతికి బయటపడినవాడు ఎలా మాట్లాడాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. నేను బతికాను, దేవుడు నన్ను ప్రేమించాడు అని ఆయన అనలేదు. పక్కవాడు ఎందుకు పోయాడని జీవితమంతా అడుగుతూ, ఆ అడగడంలోనే విశ్వాసిగా నిలిచాడు.

పునరుత్థానం సంగతి మరచిపోయాడీయన అని ఎవరైనా అనుకోవచ్చు. మరచిపోలేదు. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో గాయాల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమాకు వేలు పెట్టి చూడమన్నాడు (యోహాను 20:27). జరిగిన కీడును జరగలేదని చెరిపివేయడం కాదు పునరుత్థానమంటే. ఆ కీడుదే చివరి మాట కాదని దేవుడు చేసిన ప్రకటన అది. లంకలో ఆ పిల్లవాడి సమాధి దగ్గర నిలబడి నేను చెప్పగలిగింది ఈ ఒక్కటే. ఎందుకు పోయాడో చెప్పలేను, అతణ్ని దేవుడు మరచిపోలేదని మాత్రం చెప్పగలను. నాస్తికుడికి ఇది చాలకపోవచ్చు. రుజువుగా కాదు, నిరీక్షణగా చెబుతున్నాను.

ఆ అబ్బాయితో నేను అన్నదీ దాదాపు ఇదే. నీ ప్రశ్న పాపం కాదు, దాన్ని గుడి బయట వదిలి రానక్కరలేదు, లోపలికి తెచ్చుకో అన్నాను. "లోపల అడగనిస్తారాండీ?" అన్నాడు. దానికి జవాబు చెప్పవలసింది నేనొక్కణ్నే కాదు, సంఘపెద్దలు కూడా.

అడగనివ్వాలంటే కొన్ని చిన్న పనులు చేయాలి. సాక్ష్యం చెప్పేవారిని తాము తప్పించబడిన ఆపదలో చిక్కుకున్న పక్కింటివాళ్ల పేర్లు కూడా చెప్పి, వాళ్ల కోసం ప్రార్థించమని అడగాలి. వీలైతే ఆ ఇంటికి అన్నం పట్టుకెళ్లి వచ్చాక సాక్ష్యం చెప్పమనాలి. భూస్థాపన ప్రసంగంలో కారణాలు వెతకడం మానాలి. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చోవడం. మందు మానమని చెప్పే స్వస్థత కూటాలకు మన వేదిక ఇవ్వకూడదు. సంఘంలో ఒకరిద్దరు చదువుకున్న యువకులకు ఊరి నీటి పరీక్షల ఫలితాలు తెప్పించే పని అప్పగించాలి. ఇది కూడా పరిచర్యే.

కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొర, ఫిర్యాదు, విలాపం. మన ఆరాధనల్లో పాడేవి మాత్రం దాదాపు అన్నీ స్తుతులే. 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు చీకటే. ఆఖరి మాట కూడా చీకటే. మిగతా విలాప కీర్తనల్లో లాగా చివర్లో స్తుతి వైపు తిరగదు. అయినా దేవుని ప్రజలు దాన్ని తమ పాటల పుస్తకంలో ఉంచుకున్నారు. ఏలూరులో గాని, గూడెంలో గాని, కొల్లేటి లంకల్లో గాని ఏదైనా ఒక ఆదివారం సాక్ష్యాల సమయానికి ముందు దాన్ని పూర్తిగా చదివించండి. వివరణ ఇవ్వకండి. చదవడం అయిపోగానే పాట అందుకోవద్దని పాటల బృందానికి ముందే చెప్పి ఉంచండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోండి. వెనక వరుసలో ఎవరైనా ఏడుస్తుంటే ఏడవనివ్వండి.